బరువు దించి తెచ్చిన సైకిల్

పంచరు వేయడం వారంలో వస్తుంది. రిమ్ము బెండు తీయడం ఏడాదికి వస్తుంది. సైకిల్ తెచ్చినవాడు చెప్పేది చెవిపెట్టి వినడం మాత్రం నాకు ఆరేళ్లకు గానీ రాలేదు, అదీ ఒక మనిషి మణికట్టు విరిగిన తర్వాత. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను పానాల గురించి, గ్రీజుల గురించి అడుగుతుంటారు. అవి ఎవరైనా చెబుతారు. నేను వేగంలో వణికే సైకిల్ గురించి చెబుతాను. అదొక్కటి సరిగ్గా అర్థమైతే మిగతా పనంతా దానివెంటే వస్తుందని నా నమ్మకం. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకపోవచ్చు. జీవితమంతా గ్రీజులో చేతులు పెట్టినవాణ్ణి, ఆమాత్రం మొండితనం నాకు ఉంటుంది మరి.

మల్లయ్య ఉస్తాద్ షాపు

మాది రేపల్లె దగ్గర ఊరు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది నాన్న ఉద్యోగం హైదరాబాదుకు మారితే ఇంటిల్లిపాదీ రైలెక్కి నాంపల్లి స్టేషన్లో దిగాం. నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపిస్టు. నేను మెట్రిక్ తప్పాను. రెండోసారి రాసి మళ్లీ తప్పాను. మూడోసారి కూడా రాస్తానంటే నాన్న, "ఫీజు దండగ నాయనా, ఏదైనా పని చూసుకో" అన్నాడు. పని ఎక్కడ చూసుకోవాలో తెలియక రోజూ స్టేషన్ ఎదురుసందులో ఉన్న సైకిల్ షాపు ముందు నిలబడేవాణ్ణి. ఆ షాపు మల్లయ్య ఉస్తాద్‌ది. ఒకరోజు ఆయనే పిలిచాడు.

"ఏంది, రోజు నిలబడి చూస్తున్నవ్? సినిమానా గిది?"

"ఆ చక్రాన్ని తిప్పి తిప్పి ఏం వింటున్నారండీ?" అని అడిగాను.

"పుల్లలు మాట్లాడ్తయి. ఇను." నా చేతికి ఒక మేకు ఇచ్చాడు. తిరిగే చక్రం పుల్లలకు దాన్ని తగిలిస్తే వరసగా టింగు టింగుమని, ఒక్కచోట మాత్రం టప్పుమంది. "గదీ! గా పుల్ల ఢీలా ఉన్నది. నీకు చెవులున్నయి. రేపు పొద్దుగాల రా."

అలా చేరాను. ఉస్తాద్‌ది భువనగిరి దగ్గర పల్లె. ఆయనా కూలీ కోసమే పట్నం వచ్చి, ఒక కిరాయి సైకిళ్ల షాపులో పంచర్లు వేస్తూ పని నేర్చి, ఉస్తాద్ అనిపించుకున్నవాడు. చేతిపనిలో ఆయనను మించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. కళ్లు మూసుకుని ఫోర్కు మీద అరచెయ్యి రాసి "ఎడమదిక్కు వంగింది" అనేవాడు. దారం కట్టి చూస్తే నిజంగానే వంగి ఉండేది. అయితే ఆయన చెవులు చక్రాల మాట వినేవి గానీ మనుషుల మాట వినేవి కావు. గిరాకీ చెప్పేది సగంలో కోసేసి, "నువ్వు తొక్కేటోనివి, నేను చేసేటోన్ని. పెట్టి పో" అనేవాడు. నేను ఆయన దగ్గర పనితోపాటు ఈ గుణమూ నేర్చుకున్నాను. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునేటప్పుడు ఇది పని, ఇది దురలవాటు అని విడదీసి ఎవరూ చెప్పరు.

షాపులో ఒక గట్టి నియమం ఉండేది. సైకిల్ మీద ఉన్న సామానంతా దించితేనే రిపేరుకు తీసుకుంటాం. గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు కూడా ఉండేది. నేను చేరకముందు ఎవరో పెద్దమనిషి తన టిఫిన్ క్యారియర్ షాపులో పోయిందని, అందులో వెండి గిన్నె ఉందని పోలీసును వెంటబెట్టుకొచ్చి సందంతా పోగేశాడట. గిన్నె తర్వాత వాళ్లింట్లోనే దొరికిందట. అప్పటినుంచి సంచీ, గొడుగు, తాడు, ఆఖరికి దసరాకు హ్యాండిల్‌కు కట్టిన పూలదండ కూడా విప్పించాకే ఉస్తాద్ సైకిల్‌ను ముట్టుకునేవాడు. రిపేరయ్యాక దాన్ని సందులో మూడు రౌండ్లు తొక్కి చూసేవాళ్లం. అదే మా పరీక్ష. ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

రీళ్ల యాదగిరి

ఆ రోజుల్లో ఒకే సినిమా ప్రింటును రెండు థియేటర్లలో ఆడించేవాళ్లు. ఆబిడ్స్ థియేటర్లో ఆట ముందు మొదలయ్యేది, ఖైరతాబాద్ వైపు ఉన్న థియేటర్లో ఇంకాస్త ఆలస్యంగా. ఇక్కడ ఆడిన రీళ్లను డబ్బాల్లో పెట్టి సైకిల్ మీద అక్కడికి చేరవేయాలి. ఒక్కో ఆటకు మూడు ట్రిప్పులు. మొదటి ట్రిప్పు నిదానంగా పోవచ్చు, అక్కడ ఆట ఇంకా మొదలై ఉండదు. ప్రాణం తీసేది రెండోదీ మూడోదీ. మనిషి చేరేలోపు ముందు రీళ్లు అయిపోతే తెర తెల్లబడుతుంది. తెర తెల్లబడితే ముందు ఈలలు లేస్తాయి, ఆ తర్వాత కుర్చీలు విరుగుతాయి.

ఆ రీళ్లు మోసేవాడు యాదగిరి. నా ఈడువాడే, పాతికేళ్లు ఉంటాయి. మెదక్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి రాళ్లు కొట్టి కొట్టి పోయాడు. యాదగిరి గౌలిగూడలో బస్సుల మీదికి మూటలు ఎక్కించి, దించి, ఎలాగో ఈ పనిలో చేరాడు. నెల తిరగ్గానే జీతం చేతికొచ్చే పని వాళ్లింట్లో అదే మొదటిది. ఇంట్లో భార్య, ఏడాది నిండని కూతురు, మంచం దిగలేని తల్లి. థియేటర్ మేనేజరు వేగంగా పోవాలని ఎక్కడో పాత రేసు సైకిల్ కొని ఇచ్చాడు. వంపు హ్యాండిల్, సన్న టైర్లు, చేత్తో ఎత్తితే పువ్వులా లేచే ఫ్రేము. దాని వెనక ఒక ఇనుప క్యారియర్ వెల్డింగ్ చేయించారు.

ఒక మధ్యాహ్నం మోచేతులు గీరుకుపోయి షాపుకు వచ్చాడు.

"సాంబన్నా, జర నా సైకిల్ చూడు. నౌబత్ పహాడ్ పక్కన దిగుడు దిగుతుంటే హ్యాండిల్ గిట్ల గిట్ల కొట్టుకుంటది. గట్టిగ పట్టుకుంటే ఇంకింత కొట్టుకుంటది. మొన్న పడిన. డబ్బా తెరుసుకొని రీలంత రోడ్డు మీద పర్సుకున్నది."

"మెల్లగా దిగకూడదూ?" అన్నాను.

"ఎట్ల దిగుత? నాంపల్లి నుంచి ఎక్కుడంత తొక్కేటాళ్లకే టైమంత పోతది. దిగుట్లనే గుంజుకోవాలె. ఇంకోపారి రీలు కింద పడ్డదంటే మల్ల రాకు అన్నడు మేనేజరు."

లోపలి నుంచి ఉస్తాద్ కేకేశాడు. "సామాను దించినవా?"

"ఔ ఉస్తాద్. డబ్బాలు థియేటర్ల పెట్టొచ్చిన."

"మంచిగ చేసినవ్. పెట్టి పో."

చూడండి, ఆ మూడు నిమిషాల్లో యాదగిరి రోగమంతా చెప్పేశాడు. ఎక్కడ వస్తుందో చెప్పాడు, ఎప్పుడు వస్తుందో చెప్పాడు, ఏం చేస్తే పెరుగుతుందో కూడా చెప్పాడు. "గట్టిగా పట్టుకుంటే ఇంకా కొట్టుకుంటుంది" అన్న మాటలో సగం మందు కూడా ఉంది. మేమిద్దరం విన్నది మాత్రం "సైకిల్ చూడు" అన్న ఒక్క మాటే.

నా తప్పు

సైకిల్ విప్పి అంగుళం అంగుళం చూశాను. రెండు చక్రాలూ దారం కట్టినట్టు తిరిగాయి. పుల్లలన్నీ ఒకే రాగం. ఫోర్కు వంగలేదు, ఫ్రేము చిట్లలేదు, బేరింగుల్లో గోళీలు అరగలేదు. సందులో మూడు రౌండ్లు కొట్టాను. వెన్న మీద పోయినట్టు పోయింది.

"సైకిల్ల ఏం లేదు" అని ఉస్తాద్ తీర్పు చెప్పాడు. "గానికి భయం పట్టింది. భయపడేటోనికి గోడ గూడ ఊగుతది."

యాదగిరి తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు, ఈసారి పడలేదు గానీ ముఖంలో నెత్తురు లేదు. దిగుట్లో వెనకాలే బస్సు ఉందట. నాకు పట్టుదల పెరిగింది. ఏమీ దొరకలేదని చెప్పి పంపడం నాకు చిన్నతనంగా తోచింది. ఊగుతున్నది హ్యాండిల్ కదా, ఊగేదాన్ని బిగిస్తే సరి అనుకున్నాను. ఉస్తాద్ భోజనానికి పోయినప్పుడు పెద్ద పానా తీసి, ఫోర్కు తిరిగే చోట హెడ్ నట్టును బలమంతా పెట్టి బిగించాను.

సందులో తొక్కి చూస్తే హ్యాండిల్ బరువెక్కింది. తిప్పిన చోటే ఆగిపోతోంది, తనంతట తాను తిరిగి రావడం లేదు. ఇది నాకు తెలిసింది, తెలియలేదని ఈ వయసులో అబద్ధం ఆడను. దిగుట్లో అదే మేలులే అని సర్దిచెప్పుకుని ఇచ్చేశాను.

కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సైకిల్ నిటారుగా నిలబడేది మన గొప్పతనం వల్ల మాత్రమే కాదు. ముందు చక్రం క్షణక్షణం కొంచెం అటూ కొంచెం ఇటూ తిరిగి, పడబోయేదాన్ని సరిచేసుకుంటూ ఉంటుంది. హెడ్ బిగించేస్తే ఆ సర్దుబాటు చచ్చిపోతుంది. నేను వణుకును చంపబోయి సైకిల్ తెలివినే చంపాను.

మర్నాడు మ్యాట్నీ రెండో ట్రిప్పులో, పబ్లిక్ గార్డెన్స్ మూల దగ్గర రిక్షా ఒకటి అడ్డం వచ్చింది. యాదగిరి హ్యాండిల్ తిప్పాడు, అది తిరగలేదు. డబ్బాలు నేలకు తగలకుండా వాటి కింద తాను పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. ఆ చేత్తోనే లేచి, సైకిల్ నడిపించుకుంటూ, దారిలో దొరికిన రిక్షాలో డబ్బాలు వేసుకుని రీళ్లు చేరవేశాడు. ఆ తర్వాతే దవాఖానకు పోయాడు. మేనేజరుతో ఇంటి దగ్గర బండ మీద జారానని చెప్పాడట.

సాయంత్రం ఆ డబ్బాలు మోసిన రిక్షా అతనే సైకిల్ తెచ్చి మా షాపులో దించి, జరిగింది చెప్పాడు. ఉస్తాద్ గల్లాపెట్టె దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను పానా తీసుకుని, ఎవరూ చూడకుండా హెడ్ నట్టును మునుపటిలా వదులు చేశాను. ఉస్తాద్‌కు తెలిస్తే ఆ నిమిషమే బయటికి నెట్టేవాడు, బిగుతు హెడ్ అంటే ఆయనకు అంత అసహ్యం. నా పని నిలుపుకోవడానికి నోరు మూసుకున్నాను. ఈ పనిలో నేను చేసిన తప్పులన్నిటిలో సిగ్గుపడేది ఈ వదులు చేసినందుకే, బిగించినందుకు కూడా కాదు.

బద్లీ

రీళ్లు మోసేవాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. మనిషికి జబ్బు చేస్తే తన తరఫున బద్లీ మనిషిని పంపుకోవచ్చు. బద్లీ ఒక్క ఆట తప్పనంతవరకు ఆ ఉద్యోగం అతనిదే. ఒక్క ఆట తప్పితే ఆ జాగాలోకి ఇంకొకడు వచ్చేస్తాడు. యాదగిరి చేతికి కట్టుతో షాపుకు వచ్చాడు.

"పొద్దుమూకి ఆటలకు మా బామ్మర్ది పోతనన్నడు. పగలు గానికి వేరే నౌకరి ఉన్నది. మ్యాట్నీకి జర నువ్వు పోతవా అన్నా? నీకు తోవ ఎర్కే, సైకిల్ ఎర్కే."

నేను కాదనే స్థితిలో ఉన్నానా? ఉస్తాద్ మాత్రం గొణిగాడు. "పో. నీ బువ్వ టైము గాడ పోతది, నాకేంది."

మొదటి రోజు రెండో ట్రిప్పు. నౌబత్ పహాడ్ పక్కన దిగుడు మొదలైంది. గాలి చెవుల్లో హోరుమంటోంది, సైకిల్ హాయిగా పోతోంది. ఇంతే కదా అనుకుంటుండగా హ్యాండిల్ సన్నగా వణికింది. పట్టు బిగించాను. అంతే, క్షణంలో అది నా చేతుల్ని అటూ ఇటూ విసరడం మొదలుపెట్టింది. పళ్లు టకటకలాడాయి. ముందు చక్రం రెండుగా కనిపించింది. ముందు బ్రేకు పట్టాను, ఇంకా రెచ్చిపోయింది. నడుము కింద ఫ్రేము పాములా మెలికలు తిరుగుతున్నట్టు తెలుస్తోంది. అమ్మా అని అరిచాను, నిజం. దిగుడు అయిపోయి వేగం తగ్గాక అది తనంతట తానే ఆగిపోయింది. రీళ్లు చేరవేశాక థియేటర్ మెట్ల మీద కూర్చున్నాను. యాదగిరి ఇన్నాళ్లు రోజూ దీన్ని దిగాడు, మేము అతనికి భయమన్నాం!

మర్నాడు పొద్దున్నే అదే సైకిల్ తీసుకుని, డబ్బాలు లేకుండా, అదే దిగుట్లో అంతకంటే జోరుగా దిగాను. ఏమీ లేదు. మళ్లీ ఎక్కి మళ్లీ దిగాను. నీళ్ల మీద పడవలా పోయింది. మధ్యాహ్నం డబ్బాలతో దిగాను, మళ్లీ అదే చోట పట్టుకుంది. అప్పుడు వెలిగింది నాకు. రోగం సైకిల్లో ఒక్కదానిలోనే లేదు. సైకిలూ, బరువూ, మనిషీ కలిస్తే వస్తోంది. మేమేమో బరువు దించి రమ్మని బోర్డు పెట్టుకుని, మనిషిని పొమ్మని, మిగిలినదాంట్లో వెతుకుతున్నాం. రోగిని ఇంటి దగ్గర వదిలి చొక్కా పట్టుకురమ్మన్న వైద్యం మాది.

పోచయ్య మోకాలు

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు ఆ వేగంలోనే వస్తుంది? ఎందుకు గట్టిగా పట్టుకుంటే పెరుగుతుంది? బరువు మోసే సైకిళ్లు ఊళ్లో ఇన్ని ఉన్నాయి కదా, వాళ్లకు రాదా? ఆదివారం బేగం బజార్ వెళ్లాను. అక్కడ నూనె డబ్బాలు, చింతపండు బస్తాలు సైకిళ్ల మీద వేసుకుని ఊరంతా తిరిగే మనుషులు ఉంటారు. నూనె డబ్బాలు కడుతున్న ఒక పెద్దాయనను అడిగాను. పేరు పోచయ్య.

"దిగుట్లో మీ సైకిల్ వణకదా, పెద్దాయనా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "సలిజరమా? ఎందుకు రాదు! అందరికి వస్తది."

"వస్తే ఏం చేస్తారు?"

"మోకాలు ఆనిస్తం." సైకిల్ ఎక్కి చూపించాడు. కుడి మోకాలిని లోపలికి తెచ్చి ముందు రాడ్డుకు అదిమాడు. "చేతులు ఒదులు చెయ్యాలె. సీటు మీంచి జర లేవాలె. ఎనక బిరేకు మెల్లగ, మెల్లగ. పిల్లగానికి జరమొస్తే చేతులు పట్టి గుంజుతమా? ఒడిల పెట్టుకుంటం. గంతే."

"ఇది మీకు ఎవరు నేర్పారు?"

"రెండు మాట్ల పడ్డంక నేనే నేర్సుకున్న."

నాకు ఒక అనుమానం వచ్చింది. "నాంపల్లిలో మల్లయ్య ఉస్తాద్ షాపుకు ఎప్పుడైనా వచ్చారా?"

"మస్తుసార్లు వచ్చిన. సామాను దించి రమ్మంటడు. దించినంక సైకిల్ల ఏముంటది, నా తలకాయ? గందుకే సలిజరం సంగతి ఆయనకు చెప్పుడు బంద్ జేసిన."

ఆరేళ్లుగా మా షాపుకు కొన్ని వందల సైకిళ్లు వచ్చి ఉంటాయి. ఆ జవాబు వాటి మీదే వచ్చి, గుమ్మం దగ్గర దిగిపోయి, బయటే కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే యాదగిరి కట్టు గుర్తొచ్చి నవ్వు పోయింది.

చేసి చూసినవి

సోమవారం దిగుట్లో వణుకు మొదలవగానే మోకాలు ఆనించాను. మోగే గంట మీద చెయ్యి వేస్తే మోత ఆగినట్టు ఆగిపోయింది. నమ్మలేక మోకాలు తీశాను, మళ్లీ మొదలైంది. మళ్లీ ఆనించాను, ఆగింది. దిగుడంతా అలా ఆడుకుంటూ దిగాను, పక్కన పోతున్న టాంగావాలా నన్ను పిచ్చివాడనుకుని ఉంటాడు.

తర్వాతి రోజుల్లో ఒక్కో రోజు ఒక్కోటి మార్చి చూశాను. ఒకేసారి రెండు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. డబ్బాలను క్యారియర్ చివర నుంచి సీటు దగ్గరకు జరిపితే వణుకు ఆలస్యంగా వచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టకుండా రెండు వైపులా కిందికి కడితే ఇంకా తగ్గింది. వెల్డింగ్ చేసిన క్యారియర్ చూడ్డానికి గట్టిగా ఉంది గానీ, బరువు పెట్టి పక్కకు తోస్తే ఊగింది. ఖాళీగా ఉన్నప్పుడు అది ఊగదు, అందుకే మాకు దొరకలేదు. దానికి అడ్డంగా ఒక పట్టీ వేశాను. చలి పొద్దున ఒళ్లు వణుకుతుంటే సైకిల్ కూడా తొందరగా వణికింది, ఇది నాకే ఆశ్చర్యం. అన్నీ చేశాక బాగా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు, కొన్ని సైకిళ్లకు పోదు కూడా.

ఎందుకు అంటే నాకు తోచింది చెబుతాను, చదువుకున్నవాళ్లు దిద్దండి. ఊయలకు ఒక ఊపు ఉంటుంది. ఆ ఊపుకు సరిగ్గా తోస్తే చిన్నపిల్ల తోసినా ఆకాశానికి పోతుంది. బరువెత్తిన సైకిల్‌కూ అలాంటి ఊపు ఒకటి ఉంటుంది, ఒకానొక వేగంలో చక్రం దాన్ని సరిగ్గా తోస్తుంది. బిగుసుకుపోయిన చేతులు కూడా తెలియకుండా తోస్తాయి. మోకాలు ఆ ఊపును పట్టి ఆపుతుంది. ఇంతకుమించి నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

ఉస్తాద్‌కు చెబితే ఇంతెత్తున లేచాడు. "నాకు నేర్పుతవా? గా నూనె డబ్బాలోడు నీకు ఉస్తాదా ఇయ్యాల?" మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నేను వెళ్లేసరికి రేసు సైకిల్ లేదు. కాసేపటికి ఆయన దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. క్యారియర్ మీద ఇసుక నింపిన రెండు డబ్బాలు, ధోవతి అంచుకు చైను గ్రీజు, నుదుటి నిండా చెమట. స్టూలు వేసుకుని ఎక్కి గోడ మీది బోర్డు తీసి నా చేతికిచ్చాడు. "సామాను తోని తేవాలె అని రాయి. తెలుగుల నువ్వు రాయి, ఉర్దూల నేను రాయిస్త." మొండివాడే గానీ, ఆ వయసులో బరువేసుకుని ఆ దిగుడు దిగి చూసినవాడు. ఆ ఒక్కందుకు ఆయనకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

శుక్రవారం మ్యాట్నీ

యాదగిరి కట్టు విప్పారు. మేనేజరు కబురు పెట్టాడు. శుక్రవారం కొత్త సినిమా పడుతోంది, బద్లీలు ఇక చాలు, సొంత మనిషే రావాలి, రాకపోతే ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు.

రెండు రోజులు పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్ పక్కన చదునైన రోడ్డు మీద అతనికి నేర్పాను. మోకాలు ఆనించడం వచ్చింది. చేతులు వదులు చేయడం రాలేదు.

"చేతులు ఒదలమంటే ఎట్లనే అన్నా? పానం చేతులల్లనే ఉన్నదాయె" అన్నాడు.

"వదిలెయ్యమనడం లేదు, పట్టు సడలించమంటున్నాను. పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు పట్టుకో."

"నువ్వే ఇంకో వారం పోరాదు?"

"మేనేజరు ఒప్పుకోడు కదయ్యా."

"నా బిడ్డకు పాల డబ్బా కొంటున్న ఇప్పుడు. మూటలకాడికి మల్ల పోలేను" అన్నాడు.

శుక్రవారం హాలు కిటకిటలాడుతోంది. రెండో ట్రిప్పుకు నేను ఒక కిరాయి సైకిల్ తీసుకుని అతని వెనకాలే పోయాను. దిగుడు మొదలైంది. మధ్యకు వచ్చేసరికి వెనక డబ్బాలు అదరడం నాకు కనిపించింది. అతని మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. "మోకాలు! మోకాలు!" అని అరిచాను. గాలికి నా మాట నాకే వినపడలేదు. సైకిల్ వెనకభాగం అటూ ఇటూ కొట్టుకుంటోంది. ముందు ఎదురుగా ఒక బస్సు ఎక్కుతూ వస్తోంది. దేవుడా, రెండోసారి కూడా నా చేతుల మీదుగానేనా అనుకున్నాను.

అప్పుడు అతని భుజాలు ఒక్కసారిగా దిగాయి. మోచేతులు మెత్తబడ్డాయి. సీటు మీంచి కొద్దిగా లేచాడు. మోకాలు లోపలికి పోయింది. డబ్బాలు రెండు మూడుసార్లు ఊగి ఊరుకున్నాయి. బస్సు పక్కనుంచి పోయింది. యాదగిరి వెనక్కి చూడలేదు, దిగుడు చివర నుంచే లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. నా కిరాయి సైకిల్ అతన్ని అందుకోలేకపోయింది.

నేను చేరేసరికి రీళ్లు పైన మిషను గదికి పోయాయి. గేటు మనిషి ఎరిగినవాడే, లోపలికి వదిలాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెర మీద పాత రీలు చివరికొచ్చి, కన్ను కొట్టినట్టు ఒక మెరుపు మెరిసి, కొత్త రీలు అందుకుంది. నా ముందు కూర్చున్న ఆవిడ పల్లీలు ఒలుస్తూనే ఉంది. హాల్లో ఒక్కరూ తల తిప్పలేదు.

బయట సైకిల్ స్టాండు దగ్గర యాదగిరి సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"యాదగిరీ, నీ చెయ్యి విరిగిన రోజు నువ్వు పడింది వణుకు వల్ల కాదు. హెడ్ నేను బిగించాను. తిరగడం లేదని తెలిసి కూడా నీకిచ్చాను."

అతను చాయ్ తాగి సాసర్ కింద పెట్టాడు.

"నాకెర్కే."

"ఎప్పటినుంచి?"

"పడ్డప్పుడే. తిప్పితే తిర్గలే. కట్టు కట్టించుకొని షాపుకొచ్చి చూసిన, మంచిగ తిరుగుతున్నది. నువ్వే ఒదులు చేసినవని సమజైంది."

"మరి ఉస్తాద్‌కు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను ఎల్లగొడుతుండె. నా నౌకరి పోయేటట్టే ఉండె అప్పటికి. ఇద్దరిది పోతే ఎట్ల? ఒక్కనిదన్న ఉండాలె గద. నువ్వు లేకుంటే బద్లీ ఎవరు పోతుండె?" నవ్వాడు. "రోజు నువ్వు డబ్బాలు తీస్కపోయేటప్పుడు థియేటర్ కాడ నీ మొకం చూసిన అన్నా. గది చాలనుకున్న."

నేను ఏడ్చేశాను, స్టాండు దగ్గర అందరూ చూస్తుండగానే. అతను "ఇగ చాలు. మూడో ట్రిప్పు ఉన్నది" అన్నాడు.

ఆబిడ్స్‌కు తిరిగి పోవాల్సిన, ఆడేసిన రీళ్లు పైనుంచి దించారు. అతని ఎడమ చేతికి ఇంకా బలం రాలేదు. "జర డబ్బాలు ఎత్తిపెట్టు" అన్నాడు. ఎత్తి రెండు వైపులా కిందికి కట్టి, తాడు లాగి చూశాను. యాదగిరి సైకిల్ దగ్గరకు వచ్చి, నా ఎదురుగానే ముందు చక్రాన్ని నేల మీంచి కొద్దిగా ఎత్తి, హ్యాండిల్‌ను అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. మెత్తగా తిరిగింది. ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు సైకిల్ నా దగ్గరకే తెచ్చాడు. తీసుకుపోయే ప్రతిసారీ అలా తిప్పి చూసుకున్నాకే ఎక్కేవాడు.